‘ఏ రాష్ట్రమైనా ఒకటే’ అన్న సలహా

ఆస్ట్రేలియాలో వీసా ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. అయితే నైపుణ్య వలసల విషయంలో రాష్ట్రాలకు కూడా ఒక మాట ఉంది. తమకు కొరతగా ఉన్న వృత్తులవాళ్లను రాష్ట్రాలే ఎంచుకుని, ఫలానా మనిషి మాకు కావాలని కేంద్రానికి తెలుపుతాయి. ఇదే స్టేట్ నామినేషన్. దీని ద్వారా వచ్చే వీసాలు రెండు. సబ్‌క్లాస్ 190 మొదటి రోజు నుంచే శాశ్వత నివాసం, అంటే పీఆర్. సబ్‌క్లాస్ 491 ఐదేళ్ల తాత్కాలిక వీసా. ప్రాంతీయ ఆస్ట్రేలియాలో మూడేళ్లు ఉన్నాక 191 అనే శాశ్వత వీసాకు దారి చూపుతుంది. ఏ రాష్ట్రం ప్రమేయమూ లేకుండా కేంద్రమే నేరుగా పిలిచేది 189.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఈ నామినేషన్ గురించి ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. రాష్ట్రం ఏదన్నది ముఖ్యం కాదట. ఏది ఓపెన్‌లో ఉంటే దానికి వేసేయాలట, పీఆర్ చేతికొచ్చాక సిడ్నీకో మెల్‌బోర్న్‌కో మారిపోవచ్చట. ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ సెంటర్లలో, కన్సల్టెన్సీల కౌంటర్ల దగ్గర, చివరికి పెళ్లి సంబంధాల మాటల్లోనూ ఇదే వినిపిస్తుంది: “యాడైతే ఏముంది, పీఆర్ వస్తే సాలు.” ఈ సలహా లెక్కల్లో తప్పు, నిబంధనల్లో సగం తప్పు, ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా తప్పు.

ముందుగా లెక్క. ఈ వీసాలకు వయసు, చదువు, అనుభవం, ఇంగ్లిష్ వంటివాటికి పాయింట్లు వేసి అభ్యర్థులను ఎంచుతారు. రాష్ట్రాన్ని ఎంచుకునేది పాయింట్ల కోసమే అన్నది ఈ సలహాకు పునాది. 190 నామినేషన్‌కు వచ్చేవి 5 పాయింట్లు, 491కి 15. తిరుపతిలో ఇంజినీరింగ్ చదివి బెంగళూరులో ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన 31 ఏళ్ల అవివాహితుడి పరిస్థితి చూడవచ్చు. వయసుకు 30, డిగ్రీకి 15, ఒంటరి కాబట్టి 10. అనుభవంలో మొదటి రెండేళ్లను ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ సాధారణంగా లెక్క నుంచి తీసేస్తుంది. మిగిలిన ఆరేళ్లకు 10. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ 7 వస్తే 10. మొత్తం 75. ఇతను 190తో 80కి చేరతాడు. అదే ఐఈఎల్‌టీఎస్‌లో 7ను 8 చేసుకుంటే 85, అంటే నామినేషన్ ఇచ్చేదానికి రెట్టింపు. ‘నాటి’ (NAATI) అనే సంస్థ తెలుగులో నిర్వహించే సీసీఎల్ అనే భాషా పరీక్ష పాసైతే మరో 5. అంటే అమ్మభాషలో ఒక పరీక్షకూ ఒక రాష్ట్ర ప్రభుత్వపు నామినేషన్‌కూ పాయింట్ల పట్టికలో విలువ సమానం. (నగరి, సత్యవేడు వైపు వాళ్లకు తమిళమూ వచ్చు కాబట్టి రెండు పరీక్షలూ రాస్తే పది వస్తాయా అని అడుగుతుంటారు. రావు, ఆ 5 ఒక్కసారే.) ఐదు పాయింట్ల కోసం ఎక్కడ బతకాలో నిర్ణయించుకోవడం కంటే, ఇంట్లో కూర్చుని ఇంగ్లిష్ మెరుగుపరచుకోవడం చవక. అనుభవం చాలినంత రాలేదని ఆగేవాళ్లు మరో సంగతి గమనించాలి. 33వ పుట్టినరోజు రాగానే వయసు పాయింట్లు 30 నుంచి 25కి, 40 రాగానే 15కి పడిపోతాయి. నామినేషన్‌తో సంపాదించిన ఐదు ఆ ఒక్క రోజుతో చెల్లిపోతుంది.

ఇంకో వాదం దీనికి సరిగ్గా ఎదురు కొసన ఉంది. అసలైన వీసా 189 మాత్రమే, రాష్ట్రాలు ఇచ్చేది రెండో రకం సరుకు, 189 దొరకనివాళ్లే ఇటు వస్తారు అంటారు. 2024-25 వలస ప్రణాళికలో 189కి కేటాయించిన స్థానాలు 16,900. అదే ఏడాది రాష్ట్రాలు, టెరిటరీలకు ఇచ్చిన నామినేషన్లు 26,260: 190 కింద 16,500, 491 కింద 9,760. పైగా 16,900లో భార్యాపిల్లలు కూడా కలిసే ఉన్నారు. 26,260 ప్రధాన దరఖాస్తుదారుల సంఖ్య మాత్రమే. నైపుణ్య వలసలో ముఖద్వారం ఇప్పుడు రాష్ట్రాల వైపే ఉందని ఈ అంకెలే చెబుతున్నాయి. కొన్ని వృత్తులకైతే 189 తలుపు అసలు లేనే లేదు. సాఫ్ట్‌వేర్ టెస్టర్ వృత్తి స్వల్పకాలిక జాబితాలో ఉంది. 189 ఆ జాబితాను తీసుకోదు. టెస్టింగ్‌లో పదేళ్లు పనిచేసిన మనిషి తన వృత్తి మీద ‘189 వచ్చేదాకా ఆగుతా’ అనడంలో అర్థం లేదు. అలాంటి మనిషి దగ్గర ఫీజు తీసుకుని ఆగమని చెప్పిన కన్సల్టెంట్‌ది అజ్ఞానం అనుకోవాలా, మరొకటి అనుకోవాలా అన్నది వేరే సంగతి.

ఇక ‘ఏది ఓపెన్ ఉంటే అది’ అన్న మాట. స్కిల్‌సెలెక్ట్‌లో ఆసక్తి ప్రకటన, అంటే ఈఓఐ, నింపేటప్పుడు ఒక రాష్ట్రం పేరైనా ఇవ్వవచ్చు, ‘ఏదైనా’ అని కూడా పెట్టవచ్చు. ‘ఏదైనా’ అని పెడితే ఎనిమిది చోట్ల వల వేసినట్టేనని చాలామంది నమ్మకం. కానీ విక్టోరియా, క్వీన్స్‌ల్యాండ్, టాస్మేనియా వంటివి ఈఓఐతో ఆగవు. తమ సొంత ఫారం విడిగా నింపి పేరు నమోదు చేసుకోమంటాయి. కాన్‌బెర్రా ఉన్న రాజధాని ప్రాంతానికైతే తనదైన పాయింట్ల పట్టిక ఉంది, దాన్ని కాన్‌బెర్రా మ్యాట్రిక్స్ అంటారు. కేంద్రం పట్టికలో 90 ఉన్నవాడికి అందులో తక్కువ రావచ్చు, 70 ఉన్నవాడికి ఎక్కువా రావచ్చు. జూలై 1న ఆర్థిక సంవత్సరం మొదలయ్యాక ప్రతి రాష్ట్రం తన వృత్తుల జాబితానూ షరతులనూ ప్రకటిస్తుంది. నిరుటి జాబితా ఈ ఏడాదికి పనికిరాదు. ఇన్ని వేర్వేరు కిటికీలున్న చోట ‘ఏదైనా’ అన్న పెట్టె ఎవరినీ పెద్దగా కదిలించదు.

కోటా పెద్దదైతే సులువన్న లెక్కా నిలవదు. 2024-25లో జనాభాపరంగా మూడో పెద్ద రాష్ట్రమైన క్వీన్స్‌ల్యాండ్‌కు దక్కినవి 1,200 నామినేషన్లు. ఆరు లక్షల జనాభా కూడా లేని టాస్మేనియాకు 2,860. అది చూసి అక్కడికి వెళ్లడం సులువనుకుంటే పొరపాటే. టాస్మేనియా తన నామినేషన్లను ఎక్కువగా అక్కడ చదువుకున్నవాళ్లకు, అక్కడ ఇప్పటికే పని చేస్తున్నవాళ్లకు ఉంచుకుంటుంది. చిత్తూరులో కూర్చుని దరఖాస్తు చేసేవాడికి ఆ అంకెలో దక్కే భాగం చాలా తక్కువ.

ఉద్యోగం దగ్గరే ఈ సలహా పూర్తిగా కూలిపోతుంది. రాష్ట్రం నామినేట్ చేసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చినట్టు కాదు. జాబితాలో వృత్తి పేరు ఉందంటే ఆ రాష్ట్రంలో ఆ పనికి గిరాకీ ఉందని అర్థం. ఆ గిరాకీ కొత్తగా వచ్చిన విదేశీయుడికి అందుబాటులో ఉంటుందన్న హామీ కాదు. కాన్‌బెర్రాలో కంప్యూటర్ ఉద్యోగాలు బాగానే ఉంటాయి. కానీ వాటిలో పెద్ద భాగం కేంద్ర ప్రభుత్వ శాఖలవి, వాటికి పనిచేసే కాంట్రాక్ట్ సంస్థలవి. ప్రభుత్వ కొలువుకు సాధారణంగా పౌరసత్వం అడుగుతారు. భద్రతా క్లియరెన్స్ కావాల్సిన చోట పౌరసత్వం తప్పనిసరి. పీఆర్ ఉంటే చాలదు. అడిలైడ్‌లో ఒస్‌బోర్న్ నౌకానిర్మాణ కేంద్రం చుట్టూ పెరిగిన రక్షణ రంగానిదీ అదే కథ. ఇంజినీర్లు కావాలన్న ప్రకటనలు చూసి దక్షిణ ఆస్ట్రేలియా నామినేషన్ తీసుకున్నవాడు, ఆ ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న పౌరసత్వ షరతును దిగాక చదువుతాడు. అదే మెకానికల్, ఎలక్ట్రికల్, మైనింగ్ ఇంజినీరుకు పెర్త్ వేరు. పశ్చిమ ఆస్ట్రేలియా బతికేది గనుల మీద. రెండు మూడు వారాలు గని దగ్గర పని, తర్వాత పెర్త్‌లో ఇంటి దగ్గర విరామం అన్న పద్ధతి అక్కడ మామూలు. మంగంపేట ముగ్గురాయి గనుల్లోనో, కరకంబాడి బ్యాటరీ ఫ్యాక్టరీలోనో, శ్రీసిటీ యూనిట్లలోనో పని చేసినవాడికి ఆ రకం పని కొత్త కాదు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు మాత్రం పెర్త్ మార్కెట్ సిడ్నీ, మెల్‌బోర్న్‌లతో పోలిస్తే చిన్నది. ఇద్దరికీ ‘ఏదైనా ఒకటే’ అని ఒకే సలహా ఇవ్వడం ఎలా కుదురుతుంది?

ఈ ప్రాంతంలో ఏటా డిగ్రీలు పట్టుకుని బయటికి వస్తున్న మరో రెండు వర్గాల సంగతి ఇంకా స్పష్టం. ఒకరు నర్సులు. తిరుపతి స్విమ్స్ నుంచి, చుట్టుపక్కల నర్సింగ్ కాలేజీల నుంచి వచ్చే బీఎస్సీ నర్సులకు ఆస్ట్రేలియాలో దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ పని ఉంది. వాళ్లకు అడ్డం వీసా కాదు, రిజిస్ట్రేషన్. నర్సుల బోర్డు పెట్టే రాతపరీక్ష రాసి, ఆ తర్వాత ఆస్ట్రేలియాకే వెళ్లి ప్రాక్టికల్ పరీక్ష పాసవ్వాలి. ముందు రాష్ట్రం ఎంచి తర్వాత రిజిస్ట్రేషన్ చూసుకుందామనుకుంటే వీసా గడియారం నడుస్తూ ఉంటుంది, చేతిలో పని ఉండదు. రెండోవారు పశువైద్యులు. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉంది. ఆస్ట్రేలియా పల్లె ప్రాంతాల్లో పశువైద్యుల కొరత ఎప్పటినుంచో ఉన్న మాటే. అయినా భారతీయ పశువైద్య డిగ్రీకి అక్కడ నేరుగా గుర్తింపు లేదు; అక్కడి అర్హత పరీక్ష పాసయ్యాకే ప్రాక్టీసు. ఆ పరీక్ష పాసైన పశువైద్యుడు తనకు కావాల్సిన రాష్ట్రాన్ని నిమ్మళంగా ఎంచుకోగలడు. పాసవ్వనివాడికి ఏ రాష్ట్రం ఇచ్చినా ఒకటే, ఆ ఒక్క అర్థంలో పాత సలహా నిజమేనని ఒప్పుకోవాలి.

ఇంజినీర్లకు ఇక్కడే ఒక హెచ్చరిక. ఇంజినీరింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపు కోసం ఉన్న వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014 నుంచి పూర్తి సభ్యదేశం. కాబట్టి ఎన్‌బీఏ టైర్-1 గుర్తింపు ఉన్న కోర్సు చదివినవాళ్లకు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా సంస్థ చేసే నైపుణ్య మదింపు తేలిక. మిగతావాళ్లు తమ అనుభవం మీద మూడు వృత్తి కథనాలతో సీడీఆర్ అనే నివేదిక రాయాలి. దాన్ని రాసి అమ్మే దుకాణాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. ఒకే కథనం పేర్లు మార్చి పదిమందికి అమ్ముడైతే పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఆ సంస్థ దగ్గరుంది. దొరికితే మదింపు తిరస్కరణ, కొంతకాలం నిషేధం. రాష్ట్రం ఎంపిక దాకా వెళ్లకుండానే కథ ముగుస్తుంది.

రాయచోటి, రాజంపేట నుంచి కువైట్ వెళ్లిన తరాలు ఈ విషయంలో పట్టభద్రుల కంటే తెలివిగా నడిచాయి. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఒకటే అని ఎవరూ బయల్దేరలేదు. అక్కడ ఉన్నవాడు ఎవరు, పని ఏమిటి, జీతం ఎంత, గది ఎక్కడ అని ముందు అడిగి, ఆ తర్వాతే పాస్‌పోర్టు తీశారు. పీఆర్ అన్న మాటకు మెరుపు వచ్చాక ఆ ప్రశ్నలు వెనక్కి పోయాయి.

491 విషయంలో రెండు పరస్పర విరుద్ధమైన నమ్మకాలు ఒకే వీధిలో చెల్లుబాటవుతున్నాయి. అది పీఆర్ లాంటిదేనని కొందరు, అది పీఆర్ కాదు కాబట్టి దండగ అని కొందరు. రెండూ తప్పే. 491కి 8579 అనే షరతు ఉంది: ప్రాంతీయంగా గుర్తించిన చోటే ఉండాలి, పని చేయాలి, చదవాలి. 2019 నవంబరు 16 నుంచి సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప దేశంలో దాదాపు అంతా ప్రాంతీయమే. పెర్త్, అడిలైడ్, కాన్‌బెర్రా, గోల్డ్ కోస్ట్, హోబర్ట్ అన్నీ ఇందులోకి వస్తాయి. ‘ప్రాంతీయం’ అనగానే మన్నూ మశానమూ ఊహించుకునేవాళ్లు ఈ జాబితా చదవడం లేదు. మరోవైపు, 491 తీసుకుని సిడ్నీలో క్యాబ్ నడుపుకుంటే 191 దగ్గర దొరికిపోతారు. మూడు ఆర్థిక సంవత్సరాల పన్ను నోటీసులు, షరతు పాటించినట్టు ఆధారాలు అక్కడ చూపాలి. షరతు ఉల్లంఘిస్తే ఉన్న వీసానే రద్దు చేసే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. మొదటి మూడేళ్లు 190, 189 వంటి వేరే శాశ్వత వీసాలకు దరఖాస్తు చేసే దారీ ఉండదు. అంటే 491లో పొరపాటున తప్పు ఊరు ఎంచుకుంటే దిద్దుకునే అవకాశం తక్కువ. ఎంపిక ముందే జరగాలి అనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

అయినా 491 దండగ కాదు. మెడికేర్ వైద్యం దానికి వర్తిస్తుంది. పౌరసత్వానికి నాలుగేళ్ల చట్టబద్ధ నివాసం కావాలి, అందులో చివరి ఏడాది శాశ్వత నివాసిగా ఉండాలి. 491 మీద గడిపిన మూడేళ్లు ఆ నాలుగింటిలో చేరతాయి. 190తో వెళ్లినవాడికీ నాలుగేళ్లే. 191 పరిశీలనకు పట్టే కాలమే ఇద్దరి మధ్య తేడా. ఇబ్బందులు మరో చోట ఉన్నాయి. పిల్లల ఉన్నత చదువుకు ప్రభుత్వ రాయితీ సీటు 491 మీద రాదు. ఇల్లు కొనడం విషయంలోనూ తాత్కాలిక నివాసి విదేశీ కొనుగోలుదారు కిందికే వస్తాడు: 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా పాత ఇళ్లు కొనడానికి వీల్లేదు, కొన్ని రాష్ట్రాల్లో అదనపు పన్ను కూడా ఉంది. వెళ్లిన రెండో ఏడే సొంతిల్లు అన్న లెక్కతో ఊరిలో భూమి అమ్మినవాళ్లకు ఈ సంగతి ఎవరు చెబుతున్నారు?

‘తర్వాత మారిపోవచ్చు’ అన్నది ఈ సలహాలో జనాన్ని బాగా ఆకర్షించే ముక్క. 190 వీసా మీద 8579 షరతు లేదన్నది నిజం. నామినేట్ చేసిన రాష్ట్రంలో రెండేళ్లు ఉంటానన్నది రాష్ట్రానికి ఇచ్చే మాట, వీసా షరతు కాదు. పని దొరక్క, కుటుంబ అవసరం వచ్చి మారినవాడిని కేంద్రం వెనక్కి పంపదు. అయితే మాట ఇచ్చేటప్పుడే నిలబెట్టుకునే ఉద్దేశం లేకపోవడం వేరు. తప్పుడు సమాచారంతో పొందిన వీసాను 1958 నాటి వలస చట్టం కింద రద్దు చేయవచ్చు. రాష్ట్రం అడిగిన ఉద్దేశ పత్రంలో కన్సల్టెన్సీ రాసిచ్చిన అబద్ధం మీద దరఖాస్తుదారుడి సంతకమే ఉంటుంది. ఆచరణలో చూసినా మారడం వల్ల లాభం తక్కువ. మొదటి ఏడాది స్థానిక అనుభవం, ఒక యజమాని ఇచ్చే రిఫరెన్స్, ఆ ఊరిలో ఏర్పడే పరిచయాలు కలిసే రెండో ఉద్యోగాన్ని తెస్తాయి. అడిలైడ్‌లో నాలుగు నెలలుండి సిడ్నీ చేరినవాడు అవన్నీ వదిలేసి, దేశంలోకెల్లా ఖరీదైన అద్దెల మధ్య మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతాడు. ఇలా వెళ్లిపోయేవాళ్లు పెరిగే కొద్దీ రాష్ట్రాలు బయటి దేశాల దరఖాస్తుల మీద కన్నెర్ర చేయడం సహజం. ముందు వెళ్లినవాడు తప్పిన మాటకు మూల్యం చెల్లించేది తర్వాత దరఖాస్తు చేసే తిరుపతివాడే.

కెనడాలోనూ ఇదే కథ కొంచెం మార్పుతో నడుస్తుంది. 1998లో మానిటోబా మొదలుపెట్టిన ప్రావిన్షియల్ నామినీ పద్ధతిలో, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అభ్యర్థికి ప్రావిన్స్ నామినేషన్ ఏకంగా 600 పాయింట్లు ఇస్తుంది. పీఆర్ వచ్చాక ఎక్కడైనా ఉండే హక్కును కెనడా హక్కుల చార్టర్ ఆరో సెక్షనే ఇస్తుంది. కానీ దరఖాస్తు నాటికి ఆ ప్రావిన్స్‌లో ఉండాలన్న ఉద్దేశం ఉండి తీరాలి. అబద్ధమని తేలితే ఐదేళ్ల నిషేధం. 2024లో 1,10,000గా ఉన్న నామినీల లక్ష్యం 2025లో 55,000కి తగ్గింది. ‘ఏదో ఒక ప్రావిన్స్’ అని ధీమాగా ఉన్నవాళ్లకు ఆ ఏడాది గట్టి పాఠమే చెప్పింది.

ఒక్క రాష్ట్రాన్నే పట్టుకుని కూర్చోవడమూ తెలివి కాదు. జాబితాలు మారతాయి, కోటాలు మధ్యలో ముగుస్తాయి. రెండు మూడు రాష్ట్రాలకు వేర్వేరు ఈఓఐలు వేయడానికి చట్టం అడ్డురాదు. అయితే ఆ మూడూ నిజంగా వెళ్లి ఉండగలిగినవై, తన వృత్తికీ జీవిత భాగస్వామి వృత్తికీ ఉద్యోగ ప్రకటనలు కనిపిస్తున్నవై ఉండాలి. ఆ ప్రకటనల్లో పౌరసత్వం, రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్స్ వంటివి ఏమేం అడుగుతున్నారో రెండు మూడు నెలలు గమనిస్తే ఏ కన్సల్టెన్సీ చెప్పేదాని కంటే ఎక్కువ తెలుస్తుంది. ఆస్ట్రేలియా లోపల వలస సలహా అమ్మాలంటే ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కావాలి, న్యాయవాదులకు తప్ప. దేశం బయట ఉన్న ఏజెంటుకు ఆ నియమం లేదు. చిత్తూరులో బోర్డు పెట్టినవాడి మాట తప్పైతే అక్కడి చట్టం వాడిని అడగదు.

పిలుపు వచ్చాక వీసా దరఖాస్తుకు ఉండే గడువు 60 రోజులు. ప్రధాన దరఖాస్తుదారుడికి 2024-25లో ఫీజు 4,765 డాలర్లు, అంటే రెండున్నర లక్షల రూపాయలకు పైనే. భార్య లేదా భర్తకు, పిల్లలకు అది కాక అదనం. తిరస్కరిస్తే సాధారణంగా ఆ డబ్బు తిరిగి రాదు. ఆ 60 రోజుల్లో రాష్ట్రం గురించి ఆలోచించడం మొదలుపెట్టకండి. ఈఓఐలో రాష్ట్రం పేరు రాసే ముందే, అక్కడ మీ పనికి మిమ్మల్ని తీసుకునే యజమాని ఉన్నాడో లేడో చూసుకోండి. లేకపోతే ఆ రాష్ట్రం ఎంత ఓపెన్‌గా ఉన్నా వదిలేయండి.